జీనో బాణం సంగతి: కాలిక్యులస్ తేల్చిందేంటి, ఫిజిక్స్ తేల్చిందేంటి

మీరు అడిగినదాని సారాంశం ఇది: జీనో అనే పాత గ్రీకు తత్వవేత్త చెప్పిన చలనం ప్యారడాక్సులు (కదలిక అసాధ్యం అని తేల్చే చిక్కు వాదనలు) కాలిక్యులస్‌తో తీరిపోయాయని కొందరంటారు, కాదు ప్లాంక్ లెంగ్త్ (పరమాణువు కంటే ఊహకందనంత చిన్న దూరం) కంటే చిన్నది ఏదీ లేదు కాబట్టి దూరాన్ని అనంతంగా ముక్కలు చేయలేం, అక్కడితో జీనో కథ కంచికి అని ఇంకొందరంటారు, మళ్ళీ క్వాంటం జీనో ఎఫెక్ట్ అని ఒకటుందట, చూస్తూ ఉంటే కణం కదలదట, అంటే చివరికి జీనోనే గెలిచినట్టా?

ఇవి మూడూ వేరే వేరే విషయాలండీ, వీటిని కలగాపులగం చేసేసి జనం గంటల తరబడి వాదించుకుంటారు. నేను చాలాకాలం ఫిజిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఫిలాసఫీ వాళ్ళ గొడవ కూడా ఇష్టంగా చదువుతా, కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత కారణాలు. ఎకిలీస్ అనే గ్రీకు వీరుడికీ తాబేలుకీ పరుగు పందెం కథ పేరు పెద్దది గానీ సమస్య చిన్నది. అసలు మెలిక బాణం కథలో ఉంది. ప్లాంక్ లెంగ్త్ సమాధానం దాదాపు తప్పు దారి. క్వాంటం జీనో ఎఫెక్ట్ నూటికి నూరు పాళ్ళూ నిజం, కానీ దానికీ ఆ గ్రీకాయనకీ ఉన్న చుట్టరికం పేరు వరకే.

ముందు జీనో గురించి రెండు ముక్కలు. క్రీ.పూ. 5వ శతాబ్దం మనిషి, దక్షిణ ఇటలీలో ఎలియా అనే గ్రీకు ఊరు, పార్మెనిడీస్ శిష్యుడు. గురువుగారి సిద్ధాంతం ఏంటంటే ఉన్నది ఒక్కటే, అది మారదు కదలదు, మనకి కనపడే మార్పంతా భ్రమ. సహజంగానే జనం వెక్కిరించారు. అప్పుడు శిష్యుడు "సరే, మీరన్నట్టే కదలిక ఉందనుకుందాం, అలా అనుకుంటే ఎన్ని తలనొప్పులొస్తాయో మీరే చూడండి" అని ఎదురు తిరిగాడు. కాబట్టి ఆయన బాణం ఎగరడం చూడలేదనో, మనిషి తాబేల్ని దాటిపోతాడని తెలీదనో అనుకోవద్దు, లేచి రెండడుగులు నడిచి చూపించి "ఇదిగో కదిలాను కదా" అంటే ఆయనకి జవాబు చెప్పినట్టు కాదు. ఇంకో చిక్కు, ఆయన రాసిన పుస్తకం మనదాకా రాలేదు. మనకి దొరికేది చాలావరకు అరిస్టాటిల్ తన ఫిజిక్స్‌లో ఖండించడం కోసం రాసిన నాలుగు పేరాలు, ఆ తర్వాత ఎప్పుడో క్రీ.శ. 6వ శతాబ్దంలో సింప్లీషియస్ రాసిన వ్యాఖ్యానం. అంటే అవతలి పార్టీ లాయర్ మాటల్లోంచి మన క్లయింట్ వాదన ఏంటో ఊహించుకోవాల్సిన పరిస్థితి.

ఇక ఎకిలీస్. లెక్క సులువుగా ఉండటానికి ఎకిలీస్ సెకనుకి 10 మీటర్లు పరిగెడతాడు, తాబేలు సెకనుకి 1 మీటర్ (తాబేలుకి ఇది మరీ ఎక్కువే, పోనీండి), తాబేలుకి 100 మీటర్లు ముందు స్టార్ట్ ఇచ్చాం. అతను ఆ 100 మీటర్లు వచ్చేసరికి తాబేలు 10 మీటర్లు ముందుకి పోయింది, ఆ 10 దాటేసరికి ఇంకో 1 మీటర్, ఆ 1 దాటేసరికి 10 సెంటీమీటర్లు... ఇలా ఎన్నిసార్లు చేసినా ఎంతోకొంత గ్యాప్ మిగులుతూనే ఉంటుంది, కాబట్టి ఎప్పటికీ అందుకోలేడు అని జీనో.

టైమ్ వేసి చూడండి. మొదటి దశకి 10 సెకన్లు, తర్వాత 1, తర్వాత 0.1, 0.01. అన్నీ కలిపితే 11.111... సెకన్లు, అంటే 100/9. జీనో చెప్పిన దశలన్నీ, అనంతమైన దశలన్నీ, ఈ 11.111... సెకన్ల లోపలే అయిపోతాయి. ఆయన లిస్టులో సరిగ్గా 100/9వ సెకను లేదు, 12వ సెకను అసలే లేదు. లిస్టులో లేనంత మాత్రాన ఆ సెకను రాకుండా పోదు కదా. "ఎప్పటికీ అందుకోలేడు" అన్నచోట "ఎప్పటికీ" అనే మాట దశల సంఖ్య గురించి మొదలై, మన చూపు తప్పించి, టైమ్ గురించి అయిపోయింది. అనంతమైన దశలు అంటే అనంతమైన టైమ్ అనుకున్నాం, అదే పొరపాటు.

ఇది న్యూటన్ వచ్చాకే తెలిసిందనేది కూడా కరెక్ట్ కాదు. ఆర్కిమిడీస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే పారాబోలా వైశాల్యం కట్టేటప్పుడు 1 + 1/4 + 1/16 + ... మొత్తం 4/3 అని తేల్చాడు. ఈ రకం సిరీస్‌ని నేరుగా ఎకిలీస్ కథకి వాడి ఫలానా చోట అందుకుంటాడు అని లెక్కగట్టి చెప్పినవాడు గ్రెగరీ ఆఫ్ సెయింట్ విన్సెంట్, 1647లో. "అనంత పదాల మొత్తం అంటే అసలు అర్థం ఏంటి" అనే దానికి గట్టి పునాది మాత్రం 19వ శతాబ్దంలో గణితజ్ఞులు కోషీ, ఆ తర్వాత వైయర్‌స్ట్రాస్ వేశారు. లిమిట్ అంటే "చివరి పదం దాకా వెళ్ళడం" కాదు, చివరి పదమే లేదు, ఎంత చిన్న తేడా అడిగినా అంతకంటే దగ్గరికి వచ్చేసి ఇక అక్కడే ఉంటుంది అని, అంతే దాని అర్థం.

ఇక్కడ ఫిలాసఫర్లు ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయమే. మొత్తం 11.11 అని గణితం చెప్పింది సరే, కానీ అనంతమైన పనులు ఒకదాని తర్వాత ఒకటి "పూర్తి" అవడం సాధ్యమేనా అని. 1954లో థామ్సన్ అనే ఆయన ఒక దీపం ఊహించాడు: నిమిషం తర్వాత ఆన్, అర నిమిషం తర్వాత ఆఫ్, పావు నిమిషం తర్వాత ఆన్, ఇలా పోతే రెండు నిమిషాలకి అన్ని నొక్కుళ్ళూ అయిపోతాయి, మరి అప్పుడు దీపం వెలుగుతోందా ఆరిపోయిందా? సిరీస్ లెక్క దీనికి జవాబివ్వదు. 1962లో బెనసెరాఫ్ ఇచ్చిన జవాబు నాకు నచ్చుతుంది: రెండు నిమిషాల లోపు ఏం జరిగిందో మీరు చెప్పారు, సరిగ్గా రెండు నిమిషాలకి ఏం జరగాలో మీ కథ చెప్పనే లేదు, చెప్పనిదాన్ని అడిగితే ఎలా? ఎకిలీస్ విషయంలో ఆ లోటు లేదు, ఎందుకంటే అతని పొజిషన్ తెగకుండా సాఫీగా మారుతుంది, లోపలి క్షణాలన్నీ తెలిస్తే చివరి క్షణం దానంతటదే ఖాయమైపోతుంది. పైగా అతను చేస్తున్నది ఒకే ఒక పరుగు, దశలు మనం గీసుకున్న గీతలు.

ఈ ఆలోచన గ్రీకులకి మాత్రమే వచ్చిందనుకోకండి. చైనాలో హుయ్ షి అనే తాత్వికుడి కాలంలో తర్కవాదులు "అడుగు పొడవు కర్రని రోజూ సగం తుంచేస్తూ పోతే పదివేల తరాలకీ అయిపోదు" అనీ, "ఎగిరే పిట్ట నీడ ఎప్పుడూ కదల్లేదు" అనీ వాదించేవారు. మన వైశేషికులది ఇంకో దారి, దేన్నైనా అంతు లేకుండా ముక్కలు చేయొచ్చు అంటే మేరు పర్వతానికీ ఆవగింజకీ ముక్కల సంఖ్య సమానమే, అప్పుడు రెండూ ఒకే సైజు అవ్వాలి, కాబట్టి విభజన ఎక్కడో ఆగాలి, అదే పరమాణువు అన్నారు. (గణితజ్ఞుడు కాంటర్ 19వ శతాబ్దంలో చూపించింది సరిగ్గా ఈ వాదనలోని లోపాన్నే, ముక్కల సంఖ్య వేరు, పొడవు వేరు, చిన్న గీతలోనూ పెద్ద గీతలోనూ బిందువుల సంఖ్య ఒక్కటే అయినా పొడవులు వేరుగా ఉండొచ్చు.) నాగార్జునుడైతే మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణం మొత్తం నడక మీదే పెట్టాడు: నడిచేసిన దారిలో ఇప్పుడు నడక లేదు, ఇంకా నడవని దారిలోనూ నడక లేదు, ఈ రెండూ కాకుండా "నడుస్తున్న దారి" అంటూ విడిగా ఒకటి దొరకదు. ఆయన ఉద్దేశం కదలిక అబద్ధం అని కాదు, కదలికకి దాని సొంత స్వభావం అంటూ విడిగా ఏమీ లేదని. నన్నడిగితే ఇది ఎకిలీస్ కంటే బాణానికే దగ్గర చుట్టం.

స్టేడియం అనే జీనో ఇంకో ప్యారడాక్స్ మీద ఎక్కువ టైమ్ పెట్టను, ఎదురెదురుగా పోయే రెండు వరుసలు ఒకదాన్నొకటి దాటే వేగం, నిలబడి ఉన్న వరుసని దాటే వేగానికి రెట్టింపు ఉంటుంది, అది సాపేక్ష వేగం, ఇవాళ స్కూల్ పిల్లలు చేసే లెక్క.

ఇప్పుడు బాణం. వాదన నాలుగే అడుగులు. ఒక క్షణం తీసుకోండి, మందం బొత్తిగా లేని క్షణం. ఆ క్షణంలో బాణం సరిగ్గా తన పొడవంత చోటులో ఉంటుంది. తన పొడవంత చోటులోనే ఉన్నది కదలట్లేదు. ఏ క్షణం తీసుకున్నా ఇదే కథ, టైమ్ అంతా క్షణాలే, కాబట్టి బాణం ఎప్పుడూ కదలట్లేదు.

ఇక్కడ సిరీస్ కూడటం ఏ పనికీ రాదు, కూడటానికి ఏమీ లేదు, అన్నీ సున్నాలే. "కాలిక్యులస్ జీనోని తేల్చేసింది" అని ఒక్క ముక్కలో చెప్పేసేవాళ్ళు చాలామంది ఎకిలీస్ దగ్గరే ఆగిపోయినవాళ్ళు.

అరిస్టాటిల్ జవాబు ఏంటంటే టైమ్ క్షణాలతో కట్టింది కాదు, క్షణం అనేది టైమ్‌లో ఒక ముక్క కాదు, అది ఒక హద్దు మాత్రమే, కాబట్టి క్షణంలో కదలడం, ఆగి ఉండటం రెండూ అర్థం లేని మాటలు. బెర్ట్రాండ్ రస్సెల్ 20వ శతాబ్దం మొదట్లో ఇంకో రకంగా అన్నాడు: జీనో చెప్పింది కరెక్టే, క్షణంలో "కదులుతూ ఉండే స్థితి" అంటూ ఏదీ లేదు, ఫలానా క్షణానికి ఫలానా చోట, ఇంకో క్షణానికి ఇంకో చోట ఉండటమే కదలడం, అంతకుమించి ఇంకేమీ లేదు. విచిత్రం ఏంటంటే బౌద్ధుల్లో క్షణికవాదులు దీనికి చాలా దగ్గర మాట ఎప్పుడో అనేశారు, ప్రతిదీ పుట్టిన క్షణంలోనే పోతుంది కాబట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటుకి "వెళ్ళేది" ఎవరూ లేరు, పక్క చోట పక్క క్షణంలో కొత్తది పుడుతుంది అంతే, అని. కాకపోతే రస్సెల్ లెక్కలో క్షణానికి "పక్క క్షణం" అంటూ ఉండదు, ఏ రెండింటి మధ్య చూసినా ఇంకా ఉంటాయి.

కాలిక్యులస్ వేగానికి ఇచ్చే నిర్వచనం కూడా ఇదే లైన్లో ఉంటుంది. ఒక క్షణం దగ్గర వేగం అంటే ఆ చుట్టుపక్కల చిన్న చిన్న టైమ్‌లలో పోయిన దూరాన్ని ఆ టైమ్‌తో భాగిస్తూ, టైమ్‌ని కుదించుకుంటూ పోతే వచ్చే లిమిట్. అంటే అది ఆ ఒక్క క్షణం సొత్తు కాదు, ఇరుగుపొరుగు క్షణాల సొత్తు.

చాలా పుస్తకాలు ఇక్కడ దుకాణం కట్టేస్తాయి, ఫిజిక్స్ మనిషికి మాత్రం అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. రెండు బాణాలు అనుకోండి, ఒకటి గాల్లో ఎగురుతోంది, ఇంకోటి అప్పుడే చేతిలోంచి వదిలేసింది, ఆ క్షణానికి రెండూ ఒకే ఎత్తులో ఒకే తీరుగా ఉన్నాయి. జీనో ఫొటోలో రెండూ ఒకటే. కానీ తర్వాత జరిగేది వేరు, ఒకటి దూసుకుపోతుంది, ఇంకోటి నిట్టనిలువునా కింద పడుతుంది. ఇప్పటి స్థితి నుంచి రేపటి స్థితి రావాలి అనేది ఫిజిక్స్ మొత్తానికీ మూలం, మరి ఇప్పటి స్థితి ఒకటే అయితే రేపు ఎందుకు వేరయ్యింది? "వేగం వేరు కదా" అంటారు, కానీ వేగం అంటే ఇరుగుపొరుగు క్షణాల లెక్క అని ఇందాకే ఒప్పుకున్నాం, అంటే "తర్వాత వేరే చోట ఉంటుంది కాబట్టి తర్వాత వేరే చోట ఉంటుంది" అన్నట్టయింది. ఈ గొడవ ఫిలాసఫీలో ఇంకా నడుస్తూనే ఉంది.

నాకు తృప్తినిచ్చే జవాబు 1830లలో హామిల్టన్ మెకానిక్స్‌ని తిరగరాసిన పద్ధతిలో ఉంది. అక్కడ ఒక వస్తువు స్థితి అంటే రెండు విడివిడి సంఖ్యలు, పొజిషన్ ఒకటి, మొమెంటం ఒకటి. మొమెంటం అంటే "పొజిషన్ ఎంత వేగంగా మారుతోందో దాన్ని ద్రవ్యరాశితో గుణించింది" అని అక్కడ నిర్వచనం ఇవ్వరు. అది సొంతంగా ఒక రాశి. పొజిషన్ మారే రేటు మొమెంటం బై ద్రవ్యరాశికి సమానం అనేది నిర్వచనం కాదు, ఒక నియమం, మిగతా చలన సమీకరణాలతో పాటు అదీ ఒక సమీకరణం. కాబట్టి జీనో ఫొటోలో లోపం ఏంటంటే స్థితిలో సగమే తీశాడు. ఎగిరే బాణమూ పడే బాణమూ ఆ క్షణంలో కూడా ఒకటి కావు, ఒకేలా కనపడేది పొజిషన్ కాలమ్ వరకే.

ఇదంతా కాగితం మీద తెలివి అనిపిస్తే నిజం ఫొటో సంగతే చూద్దాం. సెకనుకి 60 మీటర్లు పోయే బాణాన్ని 1/1000 సెకను ఎక్స్‌పోజర్‌తో తీస్తే ఫొటోలో 6 సెంటీమీటర్ల మేర అలుక్కుపోతుంది. సెకనులో పది లక్షలో వంతు పెడితే ఆ అలుకు 0.06 మిల్లీమీటర్, కంటికి బాణం గడ్డకట్టినట్టే ఉంటుంది, కానీ అలుకు ఉంది. సున్నా ఎక్స్‌పోజర్ పెడితే? ఒక్క ఫోటాన్ (కాంతి కణం) కూడా లోపలికి రాదు, నల్ల ఫొటో వస్తుంది. జీనో క్షణం అనేది ఏ పరికరమూ పట్టుకోగలిగేది కాదు, అది మన గణితంలో మాత్రమే ఉండే వస్తువు.

"తన పొడవంత చోటు" అనే మాట కూడా పూర్తిగా నిలవదు. ఐన్‌స్టీన్ 1905 రిలేటివిటీ ప్రకారం మన పక్క నుంచి పోయే బాణం మనకి కొంచెం పొట్టిగా ఉంటుంది. 70 సెంటీమీటర్ల బాణం సెకనుకి 60 మీటర్లతో పోతే తగ్గేది దాదాపు 1.4×10⁻¹⁴ మీటర్, అంటే బంగారం పరమాణువు కేంద్రకం అంత, కొలవడానికి ఎవరికీ వల్లకాదు, కానీ సూత్రప్రాయంగా ఎగిరే బాణం ఆక్రమించే చోటూ ఆగిన బాణం ఆక్రమించే చోటూ ఒకటి కాదు. ఎవరికి చూస్తే అనేది మాత్రం మర్చిపోవద్దు, బాణంతో పాటు ప్రయాణించేవాడికి బాణం పొడవు మారదు, మనమే పొట్టిగా కనపడతాం, అతని "ఈ క్షణం" కూడా మన "ఈ క్షణం" కాదు. "ఏ క్షణం తీసుకున్నా" అని జీనో అన్నప్పుడు ఎవరి క్షణం అని అడగాల్సి ఉంటుందని ఆయనకే కాదు, 1905కి ముందు దాదాపు ఎవరికీ తట్టలేదు.

ఇంకో సంగతి, దీన్ని పెద్దగా ఎవరూ జీనోతో కలిపి చెప్పరు గానీ నాకు చాలా ఇష్టం. లిమిట్ తీస్తే వేగం వచ్చేస్తుంది అనుకుంటాం కదా, రాకపోతే? నీళ్ళలో తేలే సన్నటి రేణువులు అటూ ఇటూ వణుకుతూ తిరుగుతాయి, బ్రౌనియన్ మోషన్. ఐన్‌స్టీన్ 1905 లెక్క ప్రకారం రేణువు పోయే సగటు దూరం టైమ్‌కి కాదు, టైమ్ వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అంటే టైమ్‌ని 100 రెట్లు తగ్గిస్తే దూరం 10 రెట్లే తగ్గుతుంది, వేగం 10 రెట్లు పెరిగినట్టు కనపడుతుంది, ఇంకా తగ్గిస్తే ఇంకా పెరుగుతుంది, లిమిట్ ఎక్కడా నిలవదు. క్షణంలో వేగం అనేదే లేదు! నిజంగా లేదా అంటే, ఉంది. మరీ తక్కువ టైమ్‌లోకి దిగితే, అంటే పక్కనున్న అణువుల గుద్దుళ్ళకి రేణువు దారి తప్పేలోపు టైమ్‌లోకి దిగితే, రేణువు తన ద్రవ్యరాశి వల్ల తిన్నగా పోతుంది, అక్కడ వేగానికి అర్థం వస్తుంది. ఆ వేగాన్ని కొలవడం ఆచరణలో అయ్యే పని కాదని ఐన్‌స్టీన్ 1907లో అన్నాడు, 2010లో మార్క్ రైజెన్ టీమ్ లేజర్‌తో గాల్లో పట్టి ఉంచిన గాజు పూస మీద కొలిచి చూపించింది. అంటే బాణానికి క్షణంలో వేగం ఉండటం అనేది గణితం ఉచితంగా ఇచ్చింది కాదు, ద్రవ్యరాశి, జడత్వం ఉన్న ప్రపంచంలో ఉన్నాం కాబట్టి ఉంది.

ఇక క్వాంటం. పొజిషన్ ఎంత కచ్చితంగా తెలిస్తే మొమెంటం అంత అనిశ్చితం అని హైజెన్‌బర్గ్ 1927లో చెప్పాడు కాబట్టి బాణం ప్యారడాక్స్ ఎగిరిపోయింది అని చాలా చోట్ల రాస్తారు. అంత తొందర వద్దు. 20 గ్రాముల బాణం పొజిషన్‌ని ఒక పరమాణువు సైజు దాకా, 10⁻¹⁰ మీటర్ దాకా, కచ్చితంగా పట్టుకున్నా దాని వేగంలో తప్పనిసరిగా వచ్చే అనిశ్చితి సెకనుకి సుమారు 2.6×10⁻²³ మీటర్లు, అది లెక్కలోకే రాదు. అదే కచ్చితత్వం ఎలక్ట్రాన్ మీద అడిగితే అనిశ్చితి సెకనుకి సుమారు 580 కిలోమీటర్లు ఉంటుంది. కాబట్టి అనిశ్చితి సూత్రం ఎలక్ట్రాన్ సంగతి చెబుతుంది, జీనో చేతిలోని చెక్క బాణానికి హామిల్టన్ జవాబే చాలు.

క్వాంటంలో నిజంగా మనకి పనికొచ్చేది వేరే ఉంది. అక్కడ స్థితి అంటే వేవ్ ఫంక్షన్. కణం ఎక్కడ దొరికే అవకాశం ఎంత అనేది ఆ తరంగం ఎత్తు చెబుతుంది, ఎటు ఎంత జోరుగా పోతోంది అనేది ఆ తరంగం ఫేజ్, అంటే అది చోటుని బట్టి ఎంత దగ్గర దగ్గరగా మెలికలు తిరుగుతోంది అనేది చెబుతుంది. రెండు కణాలకి "ఎక్కడ ఉండొచ్చు" అనే మ్యాప్ అచ్చం ఒకేలా ఉండి కూడా ఒకటి కుడికి పోవచ్చు, ఒకటి ఎడమకి పోవచ్చు, తేడా అంతా ఫేజ్‌లో ఉంటుంది, అదీ ఆ ఒకే క్షణంలో. పక్క క్షణాలని అడిగే పనే లేదు. క్షణంలో కదలిక ఉందా అంటే క్వాంటం మెకానిక్స్ ఇచ్చే జవాబు సూటిగా ఉంది: ఉంది, తరంగం ఆకారంలోనే ఉంది.

ప్లాంక్ లెంగ్త్ సంగతి. సుమారు 1.6×10⁻³⁵ మీటర్, దానికి జోడీ ప్లాంక్ టైమ్ 5.4×10⁻⁴⁴ సెకను. ఇందాకటి ఎకిలీస్ లెక్కలో 12వ దశకి గ్యాప్ పరమాణువు సైజుకి వస్తుంది, 17వ దశకి ప్రోటాన్ సైజుకి, 37వ దశకి ప్లాంక్ లెంగ్త్ కంటే కిందికి. కాబట్టి 37 దశల తర్వాత కథ అయిపోయింది అంటారు. ఇందులో మూడు చిక్కులు.

ఒకటి, ప్లాంక్ లెంగ్త్ అనేది స్పేస్‌లో పిక్సెల్ సైజు అని ఎవరూ రుజువు చేయలేదు. గ్రావిటీ, కాంతి వేగం, ప్లాంక్ స్థిరాంకం మూడూ కలిపితే పొడవు యూనిట్ వచ్చే సంఖ్య అది, ఆ స్కేల్ దగ్గర మనకి తెలిసిన సిద్ధాంతాలు రెండూ, అంటే క్వాంటం, జనరల్ రిలేటివిటీ, ఒకేసారి కావాల్సి వస్తాయి, అవి కలిసి పనిచేయవు, అంతవరకే గట్టిగా చెప్పగలం. మామూలు క్వాంటం మెకానిక్స్‌లో ఎనర్జీ మెట్లు మెట్లుగా ఉండొచ్చు గానీ పొజిషన్ మాత్రం తెగని గీతే, ష్రోడింగర్ 1926 సమీకరణంలో స్పేస్, టైమ్ రెండూ అవిచ్ఛిన్నమే. క్వాంటం అంటే అన్నీ ముక్కలు ముక్కలు అనే అభిప్రాయం ఎలా స్థిరపడిపోయిందో గానీ చాలా గట్టిగా స్థిరపడిపోయింది. ఆ రెండింటినీ కలపాలని చూసే లూప్ క్వాంటం గ్రావిటీలో వైశాల్యం, ఘనపరిమాణం మెట్లుగా వస్తాయని 1995లో రొవెల్లి, స్మోలిన్ చూపించారు, కానీ ఆ సిద్ధాంతానికి ఇంకా ప్రయోగం మద్దతు లేదు.

రెండు, అమాయకంగా గళ్ళు ఊహించుకుంటే జ్యామితి పాడైపోతుంది. 10 గళ్ళు అడ్డం, 10 గళ్ళు నిలువు ఉన్న చదరం తీసుకోండి, ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా లెక్కపెట్టినా 10 గళ్ళే వస్తాయి, పైథాగరస్ ప్రకారం 14.14 రావాలి. గళ్ళని ఎంత చిన్నవి చేసినా ఈ తేడా పోదు, కోటి గళ్ళు పెట్టినా కర్ణం కోటి గళ్ళే. ఇది హెర్మన్ వైల్ ఎత్తిచూపిన ఇబ్బంది. పిక్సెల్ స్పేస్ కావాలంటే ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఏదో చేయాలి.

మూడు, చూసినంతవరకు సాక్ష్యం అటు వైపు లేదు. స్పేస్ పిక్సెల్‌లుగా, గరుకుగా ఉంటే ఎక్కువ ఎనర్జీ ఉన్న కాంతి కాస్త ముందూ వెనకా రావచ్చని కొన్ని నమూనాలు అంటాయి. 2009లో ఫెర్మి టెలిస్కోప్ పట్టుకున్న ఒక గామా రే పేలుడులో కాంతి దాదాపు 700 కోట్ల ఏళ్ళు ప్రయాణించి వచ్చింది, దాంట్లో 31 జీఈవీ (అంటే చాలా ఎక్కువ ఎనర్జీ) ఫోటాన్ కూడా మిగతావాటితో సెకను తేడా లోపే చేరింది. దీంతో ఆ నమూనాల్లో సాదాసీదావి దెబ్బతిన్నాయి. అన్నీ పోయాయని కాదు. 2020 నాటికి నేరుగా కొలిచిన అతి చిన్న టైమ్ వ్యవధి 247 జెప్టోసెకన్లు (జెప్టోసెకను అంటే 10⁻²¹ సెకను), కాంతి ఒక హైడ్రోజన్ అణువుని దాటే టైమ్, దాని నుంచి ప్లాంక్ టైమ్‌కి ఇంకా 24 సున్నాల దూరం ఉంది. అంత కింద ఏముందో అడ్డం పెట్టుకుని జీనోని ఓడించామనడం నాకు నచ్చదు, అవసరం కూడా లేదు, స్పేస్ తెగని గీత అయినా ఎకిలీస్ తాబేల్ని దాటేస్తాడని పైనే చూశాం.

చివరిది, క్వాంటం జీనో ఎఫెక్ట్. 1977లో బైద్యనాథ్ మిశ్రా, కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ ఈ పేరు పెట్టారు. విషయం ఏంటంటే క్వాంటం స్థితి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారేటప్పుడు మొదట్లో మారిన అవకాశం టైమ్‌కి కాదు, టైమ్ వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. టైమ్ సగం అయితే అవకాశం పావు వంతు అవుతుంది. ఇప్పుడు మొత్తం టైమ్‌ని పది ముక్కలు చేసి ప్రతి ముక్క చివరా "మారిందా లేదా" అని చూశామనుకోండి, చూసినప్పుడల్లా లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, ఒక్కో ముక్కలో మారే అవకాశం నూరో వంతు, పది ముక్కలకి కలిపి పదో వంతు. వంద సార్లు చూస్తే నూరో వంతు. ఎంత ఎక్కువ చూస్తే అంత తక్కువ మారుతుంది.

1990లో అమెరికాలో ఇటానో, వైన్‌ల్యాండ్ వాళ్ళు దీన్ని చేసి చూపించారు. దాదాపు 5000 బెరీలియం అయాన్లని విద్యుత్, అయస్కాంత క్షేత్రాల్లో బంధించి, 256 మిల్లీసెకన్ల పాటు రేడియో తరంగం పెడితే అన్నీ ఒక స్థితి నుంచి రెండో స్థితికి మారాలి. మధ్యలో అతినీల లోహిత లేజర్‌తో చటుక్కున తట్టి ఏ స్థితిలో ఉన్నాయో చూస్తారు, మొదటి స్థితిలో ఉంటే కాంతి వెదజల్లుతాయి, రెండో దాంట్లో ఉంటే లేదు. సిద్ధాంతం ప్రకారం చివర్లో ఒక్కసారి చూస్తే 100 శాతం మారాలి, 2 సార్లు చూస్తే 50, 4 సార్లకి 37.5, 8 సార్లకి 23, 16 సార్లకి 13, 64 సార్లు చూస్తే 4 శాతం లోపు. వచ్చిన కొలతలు ఈ లెక్కతో బాగా కలిశాయి.

దీన్ని మనుషులు "చూడటం" అనుకుని మాయలోకి వెళ్ళొద్దు, ఆ గదిలో ఎవరూ లేకపోయినా లేజర్ తగిలితే చాలు. మామూలు పోలరైజర్ ముక్కలతో (కాంతి తరంగం ఒకే దిశలో ఊగేదాన్ని మాత్రమే వదిలే పలకలతో) ఇలాంటి లెక్కనే మీరే చూడొచ్చు. రెండు పోలరైజర్లు అడ్డంగా, 90 డిగ్రీల తేడాతో పెడితే వెలుతురు రాదు. మధ్యలో 45 డిగ్రీలకి ఇంకోటి దూర్చండి, మొదటి దాన్ని దాటిన కాంతిలో నాలుగో వంతు బయటికొస్తుంది, అడ్డుపెట్టే ముక్క ఇంకోటి పెడితే వెలుతురు పెరిగింది చూశారా. అదే 10 డిగ్రీల తేడాతో ఒక్కోటి పెట్టుకుంటూ పోయి 90కి చేరితే 76 శాతం వస్తుంది, అదీ పోలరైజర్లు ఏమాత్రం కాంతిని మింగనివి అయితే, కొన్నవి కొంచెం మింగుతాయి. ఇక్కడ కాంతి ధ్రువణ దిశ (అది ఊగే దిశ) ఆగిపోలేదు, మనం తిప్పుకుంటూ పోయిన వైపుకి తిరిగింది. పోలరైజర్లన్నీ ఒకే కోణంలో ఉండి మధ్యలో కాంతిని మెల్లగా తిప్పే పదార్థం ఉంటే, అప్పుడది తిరగకుండా ఆగిపోతుంది, బెరీలియం కథ అదే.

ఇది జీనో గెలుపు ఎందుకు కాదంటే, జీనో వాదనలో ఎవరూ చూడక్కర్లేదు, బాణం ఒంటరిగా ఉన్నా కదలకూడదు. ఇక్కడ వదిలేస్తే శుభ్రంగా మారుతుంది, బయటి నుంచి గట్టిగా జోక్యం చేసుకుంటేనే ఆగుతుంది. పైగా చూడటం అనేది ఎప్పుడూ ఆపుతుందని కూడా లేదు, రైజెన్ వాళ్ళే 2001లో చల్లబరిచిన సోడియం పరమాణువుల మీద తక్కువ వ్యవధిలో చూస్తే తప్పించుకోవడం నెమ్మదించడం, ఇంకో వ్యవధిలో చూస్తే వేగం పుంజుకోవడం, రెండూ చూపించారు. యురేనియం పక్కన గైగర్ కౌంటర్ పెట్టి చూస్తూ కూర్చుంటే అది క్షయం కాకుండా ఆగుతుందా అని చాలామంది అడుగుతారు, ఆగదు, టైమ్ వర్గంతో పెరిగే ఆ మొదటి దశ రేడియోధార్మిక కేంద్రకాల్లో ఊహకందనంత తక్కువసేపే ఉంటుంది, కౌంటర్ అంత త్వరగా అడగలేదు, అడిగేలోపే మామూలు అర్ధాయుష్షు లెక్కలోకి వెళ్ళిపోయి ఉంటుంది.